ఎత్తగలిగిన బండే నీ బండి

మా అక్క కొడుకు పోయిన నెల ఎక్స్‌పల్స్ కొన్నాడు. "మామయ్యా, ఒక్కణ్ణే తాండూరు పోయి అదే రోజు తిరిగొస్తా, రూటు రాసివ్వు" అన్నాడు. రూటుదేముంది, నాలుగు లైన్లు. నాంపల్లి నుంచి మెహదీపట్నం, లంగర్‌హౌజ్, అప్పా జంక్షన్, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాద్. అనంతగిరి గుట్ట ఎక్కి దిగి, ధారూర్, కోట్‌పల్లి ప్రాజెక్టు, పెద్దేముల్ మీదుగా తాండూరు. వచ్చేటప్పుడు కొడంగల్, కోస్గి, మహబూబ్‌నగర్. జడ్చర్లలో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే షాద్‌నగర్, శంషాబాద్, ఇల్లు. మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది. మట్టిదారుల్లోకి దూరితే ఇంకో నలభై, యాభై.

రాసివ్వబోతే మిగతావన్నీ గుర్తుకొచ్చాయి. పోస్టల్ డిపార్ట్‌మెంటులో, ఎక్కువకాలం అబిడ్స్ జీపీవోలోనే పనిచేసి రిటైరయినవాణ్ణి. ఇన్‌ల్యాండ్ కవరు నిండకుండా కలం ఆపడం నాకు చేతకాదు.

1. ఒక్కడివే ఎత్తలేని బండి మీద ఒక్కడివే పోవద్దు.

వాడి బండి 160 కిలోలకు కొంచెం తక్కువ తూగుతుంది. అదే కంపెనీ 2011లో తెచ్చిన ఇంపల్స్ 134 కిలోలే. 150 సీసీకి అంత ఎత్తు సీటెందుకని జనం దాన్ని పట్టించుకోలేదు, కొన్నేళ్లకు ఆపేశారు. 2019లో ఎక్స్‌పల్స్ వచ్చాకే మన కుర్రాళ్లకు మట్టిదారి మీద మోజు పుట్టింది. ఇప్పటి హిమాలయన్ 450 అయితే 196 కిలోలు. హైవే మీద ఆ బరువు సుఖమే, గాలికి ఊగదు. ఇద్దరు ముగ్గురు కలిసి పోయేవాళ్లకు దానితో పేచీ లేదు. ఒంటరిగా పోయేవాడి లెక్క వేరు. కాగ్నా నది ఒడ్డున ఇసకలో పడుకున్న బండిని లేపేది వాడొక్కడే.

లేపడానికి ఒక పద్ధతి ఉంది. మొదట తాళం ఆపి, పెట్రోలు కారుతోందేమో చూడు. బండి కుడివైపు పడి ఉంటే సైడ్ స్టాండు ముందే తీసి పెట్టు. లేకపోతే అంత కష్టపడి లేపాక రెండోవైపు పడిపోతుంది. దొర్లిపోకుండా గేరులో ఉంచు. హ్యాండిల్‌ను నేలవైపుకి పూర్తిగా తిప్పు. తర్వాత బండికి వీపు తిప్పి, సీటుకు పిర్రలు ఆనించి కూర్చున్నట్టుగా వంగి, ఒక చేత్తో గ్రిప్పు, రెండో చేత్తో సీటు వెనక కమ్మీ పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడు. పనంతా తొడలదే. నడుముతో గుంజితే మర్నాడు మంచం దిగలేవు. లేచిన బండి స్టార్ట్ కాకపోతే కంగారుపడకు. పడిపోగానే ఇంజను ఆపేసే సెన్సారు ఇప్పుడు చాలా బండ్లలో ఉంటుంది, తాళం ఒకసారి ఆపి తిప్పితే సరిపోతుంది.

కొన్న వారంలోనే ఎక్కడైనా గడ్డి ఉన్న ఖాళీ జాగాలో బండిని పడుకోబెట్టి లేపు. సామాను కట్టి మరీ లేపు. మళ్లీ పడుకోబెట్టు. మూడోసారీ లేపగలిగితేనే తాండూరు మాటెత్తు. ఎందుకంటే బండి పడేది పొద్దున్న హుషారుగా ఉన్నప్పుడు కాదు. మధ్యాహ్నం మూడింటికి, కాళ్లు బరువెక్కి, కునుకు పట్టబోతున్నప్పుడు పడుతుంది.

2. ఊరు దాటడమే మొదటి ప్రయాణం.

ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల పొడవున ఊరిని చుట్టేసి ఉన్నా మనకు పనికిరాదు, టూవీలర్లను ఎక్కనివ్వరు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ పోయే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదా అంతే. మనం కిందినుంచే సిగ్నళ్లన్నిటికీ దండం పెట్టుకుంటూ పోవాలి. అందుకే వేసవిలో ఐదింటికల్లా కదలాలి. ఆ వేళకు నాంపల్లి స్టేషన్ ముందు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అందుకోవాలని వచ్చే ఆటోలు తప్ప రద్దీ ఉండదు. ఒక ఇరానీ చాయ్ తాగి బయల్దేరితే అప్పా జంక్షన్‌లో తెల్లారుతుంది. ఏడున్నరకు బయల్దేరినవాడికి మెహదీపట్నం రైతుబజారు దగ్గరే చెమటలు పడతాయి. చలికాలంలో మాత్రం ఇంకో గంట ఆగు, మొయినాబాద్ దాటాక పొగమంచు ఉంటుంది.

ఆదివారమైతే మేలు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్లు మూటలు విప్పేసరికి నువ్వు వికారాబాద్‌లో ఇడ్లీ తింటుండాలి.

3. మర్రి నీడలో నల్లద్దం వద్దు.

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారిలో తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేయాలంటే చెట్లు కొట్టాలని కొందరు, వద్దని కొందరు, హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. ఆ మర్రులు పోకూడదనే పక్షం నాది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి, ఆ ఇరుకు దారి మోసే బరువు దానికి మించిపోయింది. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దింది అక్కడే.

బండివాడికి ఇక్కడ రెండు చిక్కులు. పొద్దుటి ఎండ కొమ్మల్లోంచి పడి రోడ్డంతా మచ్చలుగా కనిపిస్తుంది, అందులో గుంత కూడా ఒక మచ్చే. నల్లద్దం హెల్మెట్ పెట్టుకున్నవాడు దాన్ని చక్రం దిగాకే చూస్తాడు. మామూలు అద్దమే వాడు. రెండోది, ఎదురుగా వచ్చే టిప్పర్ గాలికే తేలిక బండి అడుగు పక్కకు జరుగుతుంది. టిప్పర్ కనిపించగానే ఎడమ అంచుకు పోయి, ఒకటి రెండు క్షణాలు హ్యాండిల్ గట్టిగా కాకుండా నిబ్బరంగా పట్టుకో. ఓవర్‌టేక్ అనే ఆలోచనే మన్నెగూడ దాటేదాకా పెట్టుకోకు. పది నిమిషాలు ఆలస్యమైతే అనంతగిరి ఎక్కడికీ పోదు.

4. దారి అడగడం ఒక విద్య.

ఊళ్లో ఎవర్నయినా ఆపి "ఈ తొవ్వ పెద్దేముల్ పోతదా?" అంటే, నూటికి తొంభైమంది "పోతది" అంటారు. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. మనిషి పోతాడు, మేక పోతుంది. నువ్వు అడగాల్సింది వేరు.

"ఆటో పోతదా, అన్నా?"

"ఆటోనా? ఆటో పోదు. ట్రాక్టర్ పోతది."

"మొన్నటి వానకు దిగబడ్డదా?"

"దిగబడ్డది. ఇంకో ట్రాక్టర్ తెచ్చి గుంజినం."

అంతే, బండి తిప్పు. ఆటో పోయే దారి నీకు రాజమార్గం. ట్రాక్టర్ మాత్రమే పోయే దారిలో, నేల ఎండి ఉంటే, నిలబడి నడుపుకుంటూ పోవచ్చు. "నడిచి పోతరు" అన్న దారికి నీ బండికి సంబంధం లేదు. దూరం అడిగితే "గీడనే" అంటారు, ఆ గీడ రెండు కిలోమీటర్లూ కావచ్చు, తొమ్మిదీ కావచ్చు. నడిస్తే ఎంతసేపని అడుగు, ఆ జవాబు చాలావరకు నిజమవుతుంది.

అడిగేముందు ఇంజను ఆపు, హెల్మెట్ తియ్యి. ముఖం కనిపించని మనిషికి ఎవరైనా ముక్తసరిగానే చెబుతారు. తెల్లగడ్డం కనిపిస్తే "తాతా, ఈ వయసులో ఒక్కనివే వచ్చినవా?" అని చాయ్ కూడా పోస్తారు. నీకు తెల్లగడ్డం లేదు కాబట్టి మర్యాదతో సరిపెట్టుకో.

పాత ఉద్యోగం వల్ల అబ్బిన చిట్కా ఇంకొకటి చెబుతా. ఊళ్లో బ్రాంచి పోస్టాఫీసు ఎక్కడుందో అడుగు. ఉత్తరాలు పంచే డాక్ సేవక్‌కు చుట్టుపక్కల ఊళ్ల దారులన్నీ తెలుసు, అతను తిరిగేదీ టూవీలర్ మీదో సైకిల్ మీదో. ఏ వాగు మీద కల్వర్టు కొట్టుకుపోయిందో, ఏ మలుపులో కుక్కలు వెంటపడతాయో అతను చెప్పినంత కచ్చితంగా ఏ ఫోనూ చెప్పదు. అయితే ఆదివారం దొరకడు.

5. ఎర్రమట్టి క్షమిస్తుంది, రేగడి క్షమించదు.

అనంతగిరి గుట్టల మీద ఎర్రమట్టి, మొరం. మూసీ పుట్టిన గుట్టలవి. వాన వెలిసిన మర్నాటికే అక్కడ దారి గట్టిపడుతుంది. జారినా టైరుకు మళ్లీ పట్టు దొరుకుతుంది. గుట్ట దిగి పడమటికి పోయేకొద్దీ నేల నల్లబడుతుంది. తాండూరు కందిపప్పుకు పేరొచ్చింది ఆ నల్లరేగడి వల్లే, 2022లో భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. ఆ నేల నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టే కంది అంత బాగా పండుతుంది, ఆ గుణమే బండికి శత్రువు. వాన తర్వాత రెండు మూడు రోజులు పైన ఎండినట్టు కనిపిస్తుంది. పొర కింద బంక.

దాంట్లోకి దిగితే ఏమవుతుందంటే, మొదటి పది గజాలకు టైరు గాళ్లన్నీ పూడిపోతాయి. ఇంకో పది గజాలకు మట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ముద్దగా చేరి, వెనక చైన్ దాకా పాకుతుంది. తర్వాత చక్రం తిరగదు. ఇంజను అరుస్తుంది, క్లచ్ మాడిన వాసన వస్తుంది. అప్పుడు యాక్సిలరేటర్ తిప్పేవాడు క్లచ్ ప్లేట్లకు డబ్బు కట్టుకోవాల్సిందే. దిగి, బండి ఆపి, కంది కట్టె ఒకటి విరిచి మట్టిని గోకాలి. ఓపిగ్గా, చువ్వల మధ్యనుంచి కూడా. గోకి, వచ్చిన దారినే వెనక్కి తొయ్యాలి. ముందుకు మంచిదారి వంద గజాల్లోనే కనిపిస్తున్నా సరే. నూట అరవై కిలోల లోపు బండి గనక తొయ్యగలవు, మొదటి పాఠం మళ్లీ ఇక్కడే పనికొస్తుంది.

తాండూరు చుట్టూ నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు. రాళ్ల లారీలు పోయే రోడ్ల మీద సన్నటి తెల్ల పొడి పేరుకుని ఉంటుంది. ఎండలో అది కళ్లకు మంట. చినుకు పడితే మాత్రం తారురోడ్డు మీదే సబ్బు మీద కాలేసినట్టు ఉంటుంది. అక్కడ ముందు బ్రేకు జోలికి పోకు.

మట్టిలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గించడం మంచిదే, కానీ హద్దు ఉంది. ఇవి ట్యూబు టైర్లు. మరీ తగ్గిస్తే టైరు రిమ్ము మీద జారి, ట్యూబు వాల్వు మొదలంటా తెగుతుంది. తెగిన వాల్వుకు ప్యాచ్ పడదు. పుస్తకంలో చెప్పినదానికంటే ఐదారు పాయింట్లకు మించి తగ్గించకు. తారు ఎక్కగానే మళ్లీ కొట్టుకో, చిన్న చేతి పంపు సంచిలో ఉండాలి.

6. రోడ్డు మీద వడ్లు.

నవంబరులో వానాకాలం పంట, ఏప్రిల్, మే నెలల్లో యాసంగి పంట. ఆ రోజుల్లో పల్లె రోడ్డులో సగం కళ్లమే. వడ్లు, మక్కలు పరిచి, అంచున రాళ్లు వరసగా పేర్చి పెడతారు. గింజల మీద బ్రేకు నొక్కితే చక్రం ఆగుతుంది, బండి ఆగదు. పగలు కనిపిస్తుంది గనక దాటిపోవచ్చు. చీకటి పడ్డాక నల్ల పరదా కప్పిన కుప్ప కనిపించదు, రాయి అసలే కనిపించదు. కుప్ప ఎత్తుకుపోయాక కూడా రాళ్లు అక్కడే మిగులుతాయి, ప్రాణాలు తీసేవి ఎక్కువగా అవే. రైతును తిట్టడం సులువు. ఆరబోసుకోవడానికి అతనికి ఇంకో చోటు చూపించి తిట్టమను. నువ్వు చేయగలిగింది ఒకటే, ఆ నెలల్లో పల్లె రోడ్ల మీద పొద్దు గుంకాక ఉండకపోవడం.

7. 21 అంగుళాల ట్యూబు వెంట ఉండాలి.

ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. వెనక సైజు ట్యూబు కొడంగల్‌లోనో కోస్గిలోనో వెతికితే దొరకొచ్చు. ముందుది దొరకడం కష్టం. అందుకని ముందుదాన్నే మోసుకుపో. అవసరమైతే దాన్ని మడతలు పడకుండా సర్ది వెనక టైరులో ఇరికించి ఇల్లు చేరొచ్చు. 18ని సాగదీసి 21లో వెయ్యడం అంత నమ్మకం కాదు. ట్యూబు కొత్తది కొన్నప్పుడే డబ్బాలోంచి తీసి, పౌడరు చల్లి, గుడ్డలో చుట్టు. సంచిలో పానాలతో రాసుకుని ట్యూబే చిల్లి పడటం చాలామందికి అనుభవం.

దాంతోపాటు రెండు టైరు లివర్లు, ఇరుసు నట్టుకు సరిపోయే పానా, ప్యాచ్‌లు, ఒక క్లచ్ లివరు, క్లచ్ కేబులు, చైన్ లింకు. ఇంతే. జాంబాగ్, పుత్లీబౌలి దుకాణాల్లో ఒక పూట తిరిగితే అన్నీ దొరుకుతాయి, బేరం మాత్రం ఆడాలి. చక్రం విప్పి ట్యూబు మార్చడం ఇంట్లో నేర్చుకో. పంచర్ షాపు పిల్లవాడి దగ్గర కూర్చుని చూస్తే గంటలో వచ్చే పని అది. లివరు ట్యూబును గిల్లకుండా పెట్టడం ఒక్కటే అందులో కిటుకు.

8. పాత మ్యాపు, కొత్త కంచె.

ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులంటే నాకు ప్రాణం. హైదరాబాద్ 56కే షీటు, తాండూరు 56జీ. బండ్లబాటలు, చెరువులు, గుళ్లు, ఊరబావులు అన్నీ వేసి ఉంటాయి. కానీ ఆ బాట ఇప్పుడు ఎవరి పొలంలోనో కలిసిపోయి ఉండొచ్చు. పూడూరు దగ్గర దామగుండం అడవినే చూడు. కుర్రాళ్లు సెలవొస్తే బండ్లేసుకుని తిరిగిన బాటలవి. 2024 అక్టోబరు 15న అక్కడ నౌకాదళం రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. తమిళనాడులోని తిరునెల్వేలి తర్వాత దేశంలో జలాంతర్గాములతో మాట్లాడే రెండో కేంద్రం అదే అవుతుంది. సుమారు 2,900 ఎకరాలు వాళ్ల చేతికి పోయాయి. మ్యాపులో బాట ఉందని అటు దూరితే జవాన్లకు సమాధానం చెప్పుకోవాలి.

రిజర్వు ఫారెస్టు సంగతీ అంతే. రోడ్డు దిగి అడవిలోకి బండి తోలితే కేసు పెడతారు, పెట్టాలి కూడా. అనంతగిరికి జనం వస్తున్నది నిశ్శబ్దం కోసం, మన సైలెన్సర్ కోసం కాదు.

9. మధ్యాహ్నం పన్నెండుకు ఎక్కడున్నా ఇంటివైపు తిరుగు.

అన్నిటికంటే దీనిమీదే నాకు పట్టింపు ఎక్కువ. డిసెంబరులో మనకు 6.40కి పొద్దు పొడిచి 5.45కి గుంకుతుంది, పదకొండు గంటల వెలుగు. జూన్‌లో పదమూడు. పోయేటప్పుడు ఐదు గంటలు పట్టిన దూరానికి వచ్చేటప్పుడు ఆరు పడుతుంది, ఎందుకంటే నువ్వు అలిసిపోయావు, మధ్యలో ఆగడం ఎక్కువవుతుంది. కాబట్టి పన్నెండయ్యేసరికి తాండూరు చేరకపోతే తాండూరు వచ్చే ఆదివారానికి. ధారూర్‌లోనే ఉన్నావా, ధారూర్ నుంచే వెనక్కి. "ఇంత దూరం వచ్చాక" అనే మాట నోట్లోకి రానివ్వకు. జతగాడు ఉన్నవాడికి తప్పు చెప్పేవాడు ఉంటాడు. ఒంటరివాడికి ఆ పని చేతి గడియారమే చేయాలి, అందుకే నియమాన్ని బయల్దేరకముందే పెట్టుకోవాలి. అక్కడికెళ్లి ఆలోచిద్దాం అనుకుంటే, అక్కడ ఆలోచించేది ఎండకు మాడిన బుర్ర.

అనుకున్న దారి కాగితం మీద రాసి ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించు, ఏ ఊరు ఎన్నింటికో కూడా. గుట్టల్లో సిగ్నలు పోతుంది. వికారాబాద్, తాండూరు, కోస్గి, జడ్చర్లలో ఆగిన ప్రతిచోటా ఒక ఫోను. మీ అత్తయ్యకు నేను చేసే ఫోను పది సెకన్లు దాటదు. "కోస్గి. బాగున్నా." ఆవిడ ఆ కాగితం మీద టిక్కు పెట్టి తన పని చూసుకుంటుంది.

జడ్చర్లలో హైవే ఎక్కాక తొందర పుడుతుంది, బండి కూడా ఎనభై దాకా హాయిగా పోతుంది. దానిపైన గాళ్ల టైర్లు మోతపెడతాయి, చేతులు తిమ్మిరెక్కుతాయి. డెబ్భై చాలు. రాయికల్ టోల్‌గేటు దగ్గర మనకు టోల్ లేదు, పక్కసందు ఉంది. అది దాటి ఒక చాయ్, పది నిమిషాలు నడక. ఎదురుగా రాంగ్ సైడ్‌లో వచ్చే బండ్లు, వెనక లైటు లేని ట్రాక్టర్లు శంషాబాద్ దాకా ఉంటాయి.

10. నీళ్లు రెండు లీటర్లు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లీటరుకు ఒకటి, సగం సగం కలపకు. మధ్యాహ్నం బిర్యానీ వద్దు, పెరుగన్నం. తింటే వచ్చే నిద్రకు హెల్మెట్ అడ్డం కాదు. ఉస్మానియా బిస్కట్లు ముందురోజు సాయంత్రం నాంపల్లిలో కొని పెట్టుకో, అయితే వెనక సంచిలో కాదు, జేబులో. సంచిలో పెడితే చేవెళ్ల చేరేసరికి చెంచాతో తినాలి.

11. మర్నాడు పొద్దున ఒక గంట బండికియ్యి.

కడగడం కంటే ముందు చూడటం. చిన్న పానాతో చువ్వలన్నీ ఒకటొకటిగా తట్టు. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది టప్పుమంటుంది. టప్పుమన్నవి ఒకటీ రెండూ ఉంటే నువ్వే సగం చుట్టు బిగించొచ్చు, నాలుగైదు ఒకే పక్కన ఉంటే చక్రం మేస్త్రీ దగ్గరికి పో. చైన్ తుడిచి నూనె పెట్టు, ఐదు వందల కిలోమీటర్లకు ఒకసారి ఎలాగూ పెట్టాలి, రాతి పొడిలో తిరిగొస్తే అంతదాకా ఆగొద్దు. ఎయిర్ ఫిల్టరు తీసి చూడు. కాగితం ఫిల్టరును నీళ్లతో కడగకూడదు, గాలి గట్టిగా కొట్టినా చిరుగుతుంది. తాండూరు తెల్లదనం అంటుకుని ఉంటే మార్చెయ్. పాతదాన్ని పారెయ్యకుండా తెచ్చి నాకు చూపించు, నువ్వు ఏ రోడ్డున వచ్చావో అది చూసి చెబుతా.